నాలుగు శీర్షముల కొలత

కూకట్‌పల్లి నుండి హైటెక్ సిటీ మీదుగా గచ్చిబౌలి చేరిన వారికి, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో సి. ఆర్. రావు పేర నెలకొన్న గణిత, సాంఖ్యక, కంప్యూటర్ శాస్త్రాల సంస్థ కనబడుతుంది. దారి పొడవునా ఉన్న సౌధాలలోని యంత్రాలన్నీ సున్న, ఒకటి అనే రెండంకెలతోనే పని నడుపుకొంటున్నవి. ఆ రెంటి నడుమ లెక్కలేనన్ని స్థితులకు చోటిచ్చే క్యూబిట్‌ను కొలిచే విద్యకు రావుగారి పేరుతో దగ్గరి చుట్టరికమున్నది.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా చేరినారు. అక్కడ ఒకనాడు ఫిషర్ సిద్ధాంతం బోధిస్తుండగా, దాండేకర్ అనే విద్యార్థి ఒక సందేహం వెలిబుచ్చినాడు: నమూనాలు కొల్లలుగా ఉన్నప్పటి మాట సరే, కొద్దిగా ఉన్నప్పుడో? గురువు వద్ద అప్పటికి జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని సాధించినారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే క్రామేర్-రావు హద్దు: ఒక వైపు మొగ్గని అంచనాలో దోషాన్ని, ఎంతటి నేర్పరి అయినను, ఒక మేరకు మించి తగ్గింపలేడు. అడ్డుప్రశ్న వేసిన పిల్లవానిని గదమాయించి కూర్చోబెట్టే ఉపాధ్యాయులు ఈ ఉదంతాన్ని ఒకమారు తలచుకొనవచ్చును.

1967లో హెల్‌స్ట్రామ్ ఈ హద్దును క్వాంటం లోకానికి విస్తరింపజేసినాడు. అక్కడొక చిక్కున్నది. కొలత, కొలవబడిన వస్తువునే మార్చివేస్తుంది. కనుక ఒకే తీరున తయారైన క్యూబిట్లను అనేకం తీసుకొని, ఒక్కొక్కదానిని ఒక్కమారే కొలవవలెను. ఎట్లు కొలవవలెనన్నది ముందే తేల్చుకొనవలెను. దోషం హద్దుకు ఎంత చేరువ కాగలదో ఆ ఎంపికను బట్టి ఉంటుంది.

క్యూబిట్ స్థితిని గోళంలోని బిందువుగా భావింపవచ్చును. దాని ఉనికి చెప్పుటకు మూడు సంఖ్యలు కావలెను. పరస్పరం లంబంగా ఉన్న మూడు దిక్కులలో కొలిస్తే మూడు కొలతలు, ఆరు ఫలితాలు. ఇంతకంటె పొదుపైన మార్గమున్నది. గోళంలో క్రమ చతుర్ముఖిని ఇమిడ్చి, దాని శీర్షాల దిశగా నాలుగు ఫలితాలు గల ఒకే కొలతను ఏర్పరచవచ్చును. నాలుగు సంభావ్యతల మొత్తం ఒకటి గనుక వానిలో స్వతంత్రమైనవి మూడే, కావలసినవీ మూడే. ఏ రెండు శీర్షదిశల మధ్యనైనా కోణం సుమారు 109.5 డిగ్రీలు. మీథేన్ అణువులో కర్బనం చుట్టూ నాలుగు హైడ్రోజన్లు నిలిచే తీరు ఇదే.

రెండు స్థాయిల క్యూబిట్ మాట ఇది. మూడు స్థాయిలుంటే తొమ్మిది దిశలు కావలెను, నాలుగుంటే పదహారు. అన్నీ ఒకదానికొకటి సమానమైన ఎడంలో ఉండవలెను. అవి కాగితం మీద గీయరానివి, సంకీర్ణ సంఖ్యల ప్రదేశంలోనివి. ఎన్ని స్థాయిలున్నను ఇట్టి అమరిక దొరికి తీరునని 1999లో వియన్నాలో జౌనర్ ఊహించినాడు. 2017 నాటికి 151 స్థాయిల వరకు ప్రతిదానికీ కంప్యూటర్లు మిక్కిలి సూక్ష్మంగా లెక్కించి చూపినవి. అన్నిటికీ వర్తించే నిరూపణ మాత్రం చిక్కలేదు. వెదకిన కొద్దీ ఆ దిశల అంకెలు, 1900లో హిల్బర్ట్ ప్రకటించిన సమస్యలలో పన్నెండవ దానితో ముడిపడుతున్నవి. 2023 ఆగస్టులో 102 ఏండ్ల వయస్సున రావుగారు కన్నుమూసే నాటికి ఆ ముడి వీడలేదు. నేటికీ పూర్తిగా వీడలేదు.