కంప్యూటరు మారినా పాల లెక్క తప్పరాదు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ కంపెనీ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. పాత కంప్యూటర్లలో అది లేకపోవచ్చును. అందుచేత ఉచితంగా లభించే లినక్సుకు మారదామనే సంఘాలకు నాలుగు మాటలు చెప్పదలచాము.

తెర, మౌసు వారం రోజులలో అలవాటవుతాయి. అసలు తంటా తూకం యంత్రంతోను, వెన్న శాతం చూసే యంత్రంతోను వస్తుంది. వాటి తీగ తగిలించే చోటును విండోస్ కామ్ 3 వంటి పేరుతో గుర్తిస్తే, లినక్సు టీటీవైయూఎస్‌బీ 0 వంటి పేరుతో గుర్తిస్తుంది. పైగా ఉబుంటులో దానిని వాడే అనుమతి విడిగా ఇవ్వాలి. ఇవ్వకపోతే యంత్రం వెలుగుతూనే ఉంటుంది, అంకె మాత్రం తెరమీదికి రాదు. తెల్లవారుజామున క్యాన్లతో వరుసలో నిలబడిన వారికి ఈ సంగతి ఎవరు నచ్చజెప్పగలరు! విండోస్ కోసం రాసిన బిల్లుల ప్రోగ్రాము కూడా లినక్సులో నేరుగా నడవదు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత తీర్మానాలు, ఆ ఫాంటు లేనిచోట పిచ్చిగీతలవుతాయి.

కనుక ఒక బిల్లు పూర్తయ్యేవరకు పాత కంప్యూటరును తీసివేయవద్దని కోరుతున్నాము. పాలు దానిలోనే తూచి, అవే అంకెలను కొత్తదానిలో చేత్తో ఎక్కించి, సభ్యులవారీగా లీటర్లు, వెన్న శాతం, రూపాయలు సరిచూడండి. యంత్రాల తీగను కొత్తదానికి తగిలించి చూడడం పాలు పోసే వేళ కాకుండా, మధ్యాహ్నం పెట్టుకోండి.