ఆడేది కాళ్లే, గెలిపించేది ఆలోచన

మాచవరం చుట్టుపక్కల మిరప కల్లాలు అందరూ ఎరిగినవే. కాయలు ఆరబోసి ఉంటాయి. ఇంతలో మబ్బు పడుతుంది. కల్లంలో ఉన్న ఆడమనిషి తలెత్తి చూస్తుంది. గాలి ఎటు తోలుతోందో చూస్తుంది. "ఇది కురిసే మబ్బే. కాయలు కుప్పెయ్యండి, పట్టా కప్పండి" అంటుంది. ఇదంతా ఎంతసేపు? రెప్పపాటే. ఈ తెలివి ఒక్కనాటిలో రాలేదు. ఏళ్ల తరబడి చూసి, ఒకటి రెండుసార్లు మోసపోయి నేర్చుకున్నది.

ఫుట్‌బాల్ ఆటలో కావలసిందీ ఈ తెలివే.

నాలుగు నిమిషాల బంతి

ఫుట్‌బాల్ అంటే కాళ్లతో ఆడే బంతి ఆట. ఒక్కో జట్టులో 11 మంది. రెండు జట్లూ కలిపితే 22 మంది. బంతి మాత్రం ఒక్కటే. ఆట 90 నిమిషాలు.

లెక్క వేసి చూడండి. 90 నిమిషాలను 22 మందికి సమంగా పంచితే ఎంత వస్తుంది? ఒక్కొక్కరికి నాలుగు నిమిషాల చిల్లర. అంతే! మరి మిగతా 86 నిమిషాలూ ఏం చేయాలి? చూడాలి. ఆలోచించాలి. సరైన చోటికి చేరాలి.

బంతి కాలి దగ్గరికి వచ్చాక ఆలోచిద్దాంలే అంటే కుదరదు. అంతలోనే ఎదుటి జట్టువాళ్లు తన్నుకుపోతారు. బంతిని తానే ముందుకు తీసుకుపోవాలా? తోటివాళ్లకు అందించాలా? గోలులోకి కొట్టాలా? ఈ మూడింటిలో ఒకటి తేల్చుకోవాలి. అదీ క్షణంలో.

రహీం మాస్టారు నేర్పిన తీరు

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు ఉండేవారు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు ఆట నేర్పారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన భారత జట్టుకూ గురువుగా ఉన్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

ఆయన నేర్పే తీరే వేరు. బంతిని కాళ్ల మధ్యే తిప్పుతూ పరుగెత్తకూడదని షరతు పెట్టి పోటీలు నడిపేవారు. అప్పుడు ఆటగాడు ఏం చేయాలి? బంతి రాకముందే తోటివాడు ఎక్కడున్నాడో చూసుకోవాలి. వాటంలేని కాలితోనే ఆడాలని కూడా పోటీలు పెట్టేవారు. రెండు కాళ్లూ పనిచేస్తే దారులు రెండింతలవుతాయి కదా!

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో మనవాళ్లు 2-0 తేడాతో ఓడిపోయారు. తరువాత వెనక వరుసలో కాపు కాసే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం బాగా ఆలోచించారు. జర్నైల్‌ను ముందు వరుసలో ఆడించారు. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ కొరియానే ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒక గోలు కొట్టారు. జర్నైల్ ఇంకొకటి కొట్టారు. భారత్ 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చింది. అప్పటికే రహీంకు ఒంట్లో బాగుండటం లేదు. 1963లో క్యాన్సరుతో కన్నుమూశారు.

ఇప్పుడు ఎలా నేర్పుతున్నారు?

నిర్ణయం చేయడం కూడా సాధనతో వస్తుంది. దానికి కొన్ని పద్ధతులున్నాయి.

నలుగురు గుండ్రంగా నిలబడతారు. మధ్యలో ఇద్దరు ఉంటారు. బయటివాళ్లు బంతిని ఒకరికొకరు అందించుకోవాలి. లోపలివాళ్లు దాన్ని పట్టాలి. చోటు చిన్నది కాబట్టి ప్రతి ఒక్కరూ మాటిమాటికీ ఆలోచించాల్సి వస్తుంది.

బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడటం అలవాటు చేస్తారు. బంతిని రెండుసార్లకు మించి తాకకూడదని షరతు పెడతారు.

అన్నిటికంటే ముఖ్యం ఇంకొకటుంది. నేర్పేవారు గట్టు మీద నిలబడి "అటు కొట్టు, ఇటు కొట్టు" అని కేకలు పెట్టకూడదు. అలా చేస్తే పిల్లలు బంతిని చూడరు, అరిచే మనిషి వైపు చూస్తారు. ఆట ఆగాక అడగాలి: "నువ్వప్పుడు ఏం చూశావు? ఇంకో దారి ఉందా?" తప్పు చేసిన పిల్ల తనే ఆలోచించుకుంటుంది. మరోసారి సరిగా ఆడుతుంది.

ఆడపిల్లల మాట

"ఎదిగిన పిల్లకు ఆటలేమిటి?" అని కొందరంటారు. గుగులోత్ సౌమ్యను చూడండి. నిజామాబాద్ జిల్లాలోని ఒక తండాలో పుట్టింది. పల్నాడులోనూ అలాంటి తండాలు ఎన్నో ఉన్నాయి. ఆమె ఫుట్‌బాల్ నేర్చుకుని భారత మహిళల జట్టులో ఆడింది. 2022లో క్రొయేషియా దేశానికి వెళ్లి అక్కడి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది.

ప్రతి పిల్లా సౌమ్య కాకపోవచ్చు. ఆటలో నేర్చింది బతుకులోకి దానంతటది రాదు కూడా. ఇంట్లో కూడా ఆ అలవాటు సాగాలి. పిల్లను "నువ్వేం అనుకుంటున్నావమ్మా?" అని అడగాలి. చెప్పింది వినాలి. చిన్నచిన్న విషయాల్లో తనే తేల్చుకోనివ్వాలి. పొరపాటు చేస్తే కసరకూడదు. ఎప్పుడూ ఎవరూ అడగని పిల్ల, రేపు చదువు మాట వచ్చినప్పుడు, పెళ్లి మాట వచ్చినప్పుడు నోరు విప్పగలదా?

బడి ఆవరణ ఉంది. ఒక బంతి ఉంటే చాలు, ఆరుగురు పిల్లలు ఆట మొదలుపెట్టొచ్చు. ఆ ఆరుగురిలో ఆడపిల్లలు కూడా ఉండాలి.

ఆలోచించండి

1. బంతి దగ్గర లేనప్పుడు ఆటగాళ్లు ఏం చేయాలి?
2. నేర్పేవారు కేకలు పెడితే ఏమవుతుంది?
3. మీ ఊరి బడిలో ఆడపిల్లలు ఆటలు ఆడుతున్నారా? లేకపోతే ఎందుకు ఆడటం లేదు?