పాదమును లేపు విద్యుత్తు

మెదడులో రక్తనాళము పూడుకొనిపోయినను, చిట్లినను, తలకు పెద్ద దెబ్బ తగిలినను శరీరములో ఒక ప్రక్క చచ్చుబడవచ్చును. కొన్ని నెలలకు రోగి లేచి నడవగలిగినను, కొందరికి ఆ ప్రక్క పాదము పైకి లేవక వ్రేలాడుచుండును. అడుగు తీసినప్పుడెల్ల వ్రేళ్ళు నేలను రాచుకొనును. గడప దాటుటయే గండమగును.

ఇచట చెడినదేది? కండరము చెడలేదు. వెన్నుపామునుండి కండరమునకు పోవు నాడియు చెడలేదు. మెదడునుండి ఆజ్ఞ దిగివచ్చు మార్గము మాత్రమే దెబ్బతిన్నది. ఊరిలోని తీగెలు, దీపములు బాగుగనే యున్నను, విద్యుత్కేంద్రమునుండి వచ్చు పెద్ద లైను తెగినచో ఊరంతయు చీకటియగును గదా! ఇదియు అట్టిదే.

ఆ ఆజ్ఞను నాడికి వెలుపలినుండి అందింపవచ్చునా? కప్పకాలి నాడికి విద్యుత్తు తగిలినచో కండరము ముడుచుకొనునని ఇటలీ దేశస్థుడు గాల్వానీ 1791లోనే ప్రకటించెను. ఈ ధర్మమును నడకకు వినియోగించు పరికరమును 1961లో అమెరికాలో డాక్టర్ లైబర్సన్, ఆయన సహచరులు వర్ణించిరి.

పాదమును లేపు కండరములకు పోవు నాడి మోకాలికి కొంచెము దిగువ, వెలుపలి ప్రక్కన, చర్మమునకు చేరువగా నుండును. అచ్చట ఎలక్ట్రోడులను అంటింతురు. బూటులో మడమ క్రింద ఒక స్విచ్చి యుండును. మడమ నేలను విడువగనే సెకనుకు సుమారు 20 నుండి 50 వరకు చిన్న విద్యుత్ స్పందనలు నాడికి చేరి పాదమును లేపును. మడమ ఆనగనే అవి ఆగిపోవును.

మరి ఇది మెదడును బాగుచేయునా? పరికరమును ఆపిన పిదపకూడ కొందరు కొంతసేపు పాదమును తామే లేపగలుగుట లైబర్సన్ గమనించెను. అయినను అందరికిని ఇట్లు జరుగదు. 2013లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో పక్షవాతము వచ్చిన 197 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇట్టి పరికరమును, రెండవ జట్టుకు పాదమును నిలిపియుంచు మామూలు పట్టాను ఇచ్చిరి. 30 వారములకు రెండు జట్లవారి నడకయు వేగము పుంజుకొన్నది. జట్ల మధ్య భేదము కానరాలేదు. పరికరము ధరించినవారు మాత్రము ఎక్కువ తృప్తి వెలిబుచ్చిరి. కావున దీనిని కొనలేనివారు నిరాశ చెందనక్కరలేదు.

దీనికి హద్దులును కలవు. మెదడు కండరపు పోగులను వంతులవారీగ పనిచేయించును. విద్యుత్తు అవే పోగులను మాటిమాటికి ఒక్కుమ్మడిగ లేపును. అందుచే కండరము త్వరగా అలసిపోవును. నాడియే తెగినవారికి ఈ పద్ధతి పనికిరాదు. పేస్‌మేకరు ఉన్నవారును, మూర్ఛలు వచ్చువారును వైద్యుని సలహా లేనిదే దీనిని వాడరాదు. తక్కినవారికైనను, పాదమును లేపుటకు రోగి తానును ప్రయత్నించుచు, వ్యాయామము మానక దీనిని వాడుటయే మంచిది.