మదర్‌బోర్డు పోతే ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

"బోర్డు పోయింది భాయ్. కొత్తది వేసి, ఫార్మాట్ కొట్టి ఇస్తా." కంప్యూటర్ రిపేరుకు ఇచ్చిన మనవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. 2013లో నేనూ విన్నాను, సరేనని తలూపాను. రెండు రోజులకు కంప్యూటర్ తిరిగొచ్చింది గానీ అందులోని మా చెల్లెలి పెళ్లి ఫొటోలు రాలేదు.

పోయిన ఎండాకాలం మా రూములో మళ్లీ అదే కథ. ఆరుగురం తలా కొంత వేసుకుని కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒక సాయంత్రం ఆన్ కాలేదు. మూత తీస్తే లోపలంతా దుమ్ము, ప్రాసెసర్ పక్కన రెండు కెపాసిటర్లు ఉబ్బి ఉన్నాయి. పవర్ సప్లై మార్చి చూసినా లాభం లేదు. మా జగిత్యాల అన్న ముఖం పాలిపోయింది. చనిపోయిన వాళ్లమ్మ వీడియోలు అందులోనే ఉన్నాయి, అవి తీసిన ఫోను ఎప్పుడో పోయింది. "తమ్మీ, కంప్యూటర్ పోతే పోనీ, అమ్మ వీడియోలు మాత్రం పోవద్దు" అన్నాడు.

నిజానికి బోర్డు వేరు, హార్డ్ డిస్క్ వేరు. ఫొటోలు, వీడియోలు, విండోస్ అన్నీ డిస్కులోనే ఉంటాయి. బోర్డు కాలిపోయినంత మాత్రాన అవి పోవు. మరి షాపువాళ్లు ఫార్మాట్ ఎందుకంటారు? అదొక పాత అలవాటు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో డిస్కును చదివే డ్రైవర్ పాత బోర్డుకు తగ్గట్టు ఉండేది. కొత్త బోర్డు వేస్తే విండోస్‌కు తన డిస్కే కనిపించేది కాదు, నీలం తెర మీద 7బి అనే ఎర్రర్ వచ్చేది. సీడీతో రిపేర్ చేసే దారి అప్పుడూ ఉంది, కానీ అంత ఓపిక ఎవరికి? 2015లో వచ్చిన విండోస్ 10, 2021లో వచ్చిన విండోస్ 11 అలా కాదు. కొత్త బోర్డును చూసి, భాగాలను గుర్తుపట్టి, ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ అయి చాలావరకు తామే సర్దుకుంటాయి.

అలాగని గుడ్డిగా మార్చకూడదు. ముందు డిస్కు బయటికి తీసి, యూఎస్‌బీ కేసులో పెట్టి, మరో కంప్యూటర్‌లో ముఖ్యమైనవన్నీ కాపీ చేసుకోవాలి. ఇది చేశాక మిగతాది ఏమైనా భయం లేదు. మేమూ ఆ రాత్రి మొదట ఈ పనే చేశాం.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది బిట్‌లాకర్ విషయంలో. కొన్ని కంప్యూటర్లలో, ముఖ్యంగా కొత్త ల్యాప్‌టాప్‌లలో, డిస్కుకు తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తెరిచే పని బోర్డులోని టీపీఎం చూసుకుంటుంది. బోర్డు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. డిస్కును ఇంకో కంప్యూటర్‌కు పెట్టినా అదే అడుగుతుంది. చాలామందికి ఆ కీ తమ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. అది ఎక్కడా లేకపోతే ఏ షాపువాడూ తెరవలేడు. కంప్యూటర్ బాగున్నప్పుడే ఆ అంకెలు కాగితం మీద రాసి పెట్టెలో దాచుకోండి.

బోర్డు కొనేటప్పుడు ప్రాసెసర్ సాకెట్, ర్యామ్ రకం కలవాలి. డీడీఆర్3 ర్యామ్ డీడీఆర్4 బోర్డులో పట్టదు. బిగించాక బయోస్‌లో సాటా మోడ్ పాతదానిలో ఉన్నట్టే పెట్టాలి. బూట్ పద్ధతి యూఈఎఫ్‌ఐనా, లెగసీనా అన్నదీ అంతే. సగం మంది ఇక్కడే ఆగిపోయి ఫార్మాట్‌కు పోతారు. అప్పటికీ విండోస్ రాకపోతే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించాలి. కొత్త బోర్డు నెట్‌వర్క్ డ్రైవర్ ముందే పెన్ డ్రైవ్‌లో ఉంచుకుంటే మంచిది. నెట్ రాకపోతే డ్రైవర్ దిగదు, డ్రైవర్ లేకపోతే నెట్ రాదు!

ఇక లైసెన్సు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు మామూలుగా ఆ బోర్డుతోనే ముడిపడి ఉంటుంది. విడిగా కొన్నదైతే కొత్త బోర్డుకు మార్చుకోవచ్చు. ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలిపి ఉంటే, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ దగ్గర ట్రబుల్‌షూట్ నొక్కి, ఈ మధ్యే హార్డ్‌వేర్ మార్చాను అన్నది ఎంచుకోవాలి. యాక్టివేట్ కాకపోయినా ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఇంకో మాట, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి కాబట్టి, కొత్త బోర్డుకు డబ్బు పెట్టే ముందు అది కూడా అడగండి.

మేము అదే సాకెట్ ఉన్న పాత బోర్డు ఒకటి వెతికి, శుక్రవారం సెలవున బిగించాం. మొదట నల్ల తెర. బయోస్‌లో సాటా మోడ్ మార్చాక విండోస్ గుర్తు వచ్చింది. రెండుసార్లు రీస్టార్ట్ అయింది. తర్వాత మా డెస్క్‌టాప్ ఎలా ఉండేదో అలాగే వచ్చింది. అన్న మౌస్ లాక్కుని నేరుగా వాళ్లమ్మ ఫోల్డర్ తెరిచాడు. స్పీకర్లు పెట్టడం మరిచిపోయాం, శబ్దం లేకుండానే వీడియో మొత్తం చూశాడు. యాక్టివేట్ చేయమనే రాత ఇంకా తెర మూలన ఉంది. జీతాలు పడ్డాక లైసెన్సు కొందామనుకున్నాం.