జ్వరం మింగిన ఆదివారం

హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు చివర్లో ఒక ఆదివారం జరుగుతుంది. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర బయలుదేరి, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ, దుర్గం చెరువు తీగల వంతెన దాటి గచ్చిబౌలి స్టేడియం చేరేసరికి 42.195 కిలోమీటర్లు. ఉద్యోగం, సంసారం చూసుకుంటూ దీనికి సిద్ధపడాలంటే 16 నుంచి 18 వారాల సాధన కావాలి. ఏప్రిల్ ఆఖర్లో మొదలుపెట్టినవాళ్లకు అసలు కష్టం జులైలోనూ ఆగస్టు మొదటి వారాల్లోనూ వస్తుంది. ప్రతి ఆదివారం 28, 30, 32 కిలోమీటర్ల లాంగ్ రన్‌లు అప్పుడే.

జ్వరాలూ అప్పుడే. వానలు పడి నీళ్లు నిలుస్తాయి, దోమలు పెరుగుతాయి, ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు మంచం పట్టి ఉంటారు. ఆషాఢంలో బోనాలు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికైనా, లాల్‌దర్వాజా అమ్మవారికైనా బోనమెత్తేది ఆదివారమే. ఆషాఢం వెళ్లగానే శ్రావణం, దాంతోపాటే పెళ్లి ముహూర్తాలు. శుక్రవారం ఆఫీసు మిత్రులతో బిర్యానీ, శనివారం రాత్రి మేనమామ ఇంట పెళ్లి విందు, ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు అలారం. ఆ అలారం మోగేసరికి ఒళ్లు కాలిపోతుంటుంది, కాదంటే కడుపులో తిప్పుతుంటుంది. ఈ ఊళ్లో మారథాన్‌కి సాధన చేసేవాళ్లలో ఇలాంటి వారాంతం ఎరగనివాళ్లు తక్కువ.

అప్పుడు వాళ్లను కుంగదీసేది జ్వరం ఒక్కటే కాదు. ఫోన్‌లో పరుగులు నమోదుచేసే స్ట్రావా యాప్ తెరిస్తే ఆదివారం గడి ఖాళీగా కనిపిస్తుంది. తోటి రన్నర్ల వాట్సాప్ గ్రూపులో ముప్పై కిలోమీటర్లు పూర్తిచేసినవాళ్ల ఫొటోలు వరసగా వచ్చి పడుతుంటాయి. మూడు నెలల కష్టం మూడు రోజుల్లో కరిగిపోయిందన్న దిగులు పట్టుకుంటుంది. ఆ దిగులుతోనే సోమవారం పారాసెటమాల్ వేసుకుని బూట్లు తొడుక్కుంటారు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. పోయిన వారాంతం వల్ల మారథాన్‌కి జరిగే నష్టం చాలా స్వల్పం. దాన్ని ఎలాగైనా తిరిగి రాబట్టాలన్న తొందరే మనిషిని ప్రమాదంలోకి తోస్తుంది.

సాధన ఆపేస్తే శరీరంలో ఏం జరుగుతుందో శాస్త్రవేత్తలు కొలిచి చూశారు. 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా తర్ఫీదు పొందిన ఏడుగురిని తీసుకుని, 84 రోజులపాటు వాళ్ల సాధన పూర్తిగా మాన్పించింది. ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి మొదటి మూడు వారాల్లో తగ్గింది 7 శాతమే. ఎనిమిది వారాలకు 16 శాతం తగ్గి, అక్కడే నిలిచింది. ఏళ్ల సాధనతో కండరాల్లో పెరిగిన సన్నని రక్తనాళాలు 84 రోజుల తర్వాత కూడా తగ్గలేదు. ముందుగా తగ్గేది రక్తంలోని ప్లాస్మా, అంటే ద్రవభాగం. అందుకే జ్వరం తగ్గాక చేసే మొదటి పరుగులో గుండె దడదడలాడుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. అది చూసి ఫిట్‌నెస్ అంతా పోయిందనుకుంటారు. నిజానికి తగ్గిన ఆ ద్రవం మళ్లీ పరుగు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే తిరిగి చేరుకుంటుంది.

మామూలు రన్నర్ల లెక్కలు కూడా ఉన్నాయి. డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు లక్షలమంది మారథాన్ రన్నర్ల సాధన వివరాలను విశ్లేషించారు. సగానికి పైగా రన్నర్లకు ఆరు రోజుల దాకా విరామాలు వచ్చాయి. అంటే ప్లాన్‌లో ఒక్క రోజు కూడా తప్పనివాళ్లే తక్కువ. వారం, అంతకు మించి ఆగిపోయినవాళ్లకు మాత్రం పూర్తిచేసే సమయం 5 నుంచి 8 శాతం పెరిగింది. నాలుగు గంటల్లో పూర్తిచేయగల మనిషికి ఇది 12 నుంచి 19 నిమిషాలు. బాధ కలిగించే తేడాయే గాని, అంతటితో మారథాన్ చెయ్యిజారిపోయినట్టు కాదు.

ఇక్కడ అమెరికా రన్నర్ జోన్ బెనాయిట్ సంగతి చెప్పుకోవాలి. మహిళలకు ఒలింపిక్స్‌లో మారథాన్ మొదటిసారి పెట్టింది 1984లో, లాస్ ఏంజిలిస్‌లో. అమెరికా జట్టు ఎంపిక పోటీకి 17 రోజుల ముందు ఆమె మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. అంతకన్నా పెద్ద అంతరాయం ఏ రన్నర్‌కైనా ఏముంటుంది? ఆమె కాళ్లకు విశ్రాంతినిచ్చి, చేతులతో తిప్పే సైకిల్ యంత్రం మీద ఊపిరిని కాపాడుకుంది. ఎంపిక పోటీలో గెలిచింది. ఆగస్టు 5న 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ఒలింపిక్ స్వర్ణం కూడా గెలిచింది. అప్పటికే ఏళ్ల సాధన ఆమె ఒంట్లో ఉంది. పోటీకి ముందు పోయిన రోజులు దాన్ని చెరపలేకపోయాయి.

అయితే గాయం ఒక ఎత్తు, జ్వరం ఇంకో ఎత్తు. జబ్బుతో పరుగెత్తవచ్చా అన్న ప్రశ్నకు అమెరికా వైద్యుడు రాండీ ఐక్నర్ 1993లో ఒక తేలికైన గుర్తు చెప్పారు. అప్పటినుంచీ కోచ్‌లు దాన్నే వాడుతున్నారు. మెడను హద్దుగా పెట్టుకోవాలి. ముక్కు కారడం, తుమ్ములు, కాస్త గొంతు గరగర వంటి మెడకు పైనున్న లక్షణాలైతే పది నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తి చూడవచ్చు. బాగుంటే కొనసాగించవచ్చు, తల బరువెక్కితే ఇంటికి తిరిగి రావాలి. ఛాతీలో పట్టేసే దగ్గు, ఒళ్లునొప్పులు, చలి, జ్వరం, వాంతులు, విరేచనాల వంటివి మెడకు దిగువ లక్షణాలు. అవి ఉంటే పరుగు వద్దు. జలుబు విషయంలో ఈ సలహాకు కొంత రుజువు కూడా ఉంది. 1990 దశకంలో థామస్ వైడ్నర్ బృందం వాలంటీర్ల ముక్కుల్లోకి జలుబు వైరస్ ఎక్కించి, కొందరితో ఓ మోస్తరు వ్యాయామం చేయించింది. వ్యాయామం చేసినవాళ్లకు జలుబు ముదరలేదు, ఎక్కువ రోజులూ ఉండలేదు.

జ్వరంలో ఆ వెసులుబాటు లేదు. కొన్ని వైరస్‌లు గుండె కండరానికే వాపు తెస్తాయి. వైద్యులు దాన్ని మయోకార్డైటిస్ అంటారు. ఆ స్థితిలో గట్టిగా పరుగెత్తితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. స్వీడన్‌లో ఇది కళ్ల ముందే జరిగింది. మ్యాపు, దిక్సూచి పట్టుకుని అడవుల్లో పరుగెత్తే ఓరియంటీరింగ్ అక్కడ పేరున్న ఆట. 1979 నుంచి 1992 దాకా ఆ ఆటలోని 16 మంది యువ క్రీడాకారులు హఠాత్తుగా చనిపోయారు. శవపరీక్షల్లో చాలామంది గుండెల్లో మయోకార్డైటిస్ జాడలు కనిపించాయి. చివరకు 1992లో ఆ ఆట సమాఖ్య అగ్రశ్రేణి క్రీడాకారుల సాధనను, పోటీలను ఆరు నెలలపాటు నిలిపివేసింది. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు సాధన చేయకూడదని గట్టిగా చెప్పింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో అలాంటి మరణాలు ఆగాయి. ఒక దేశం ఒక ఆటలోని తన ఉత్తమ క్రీడాకారులందరినీ ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెట్టగలిగింది. మనం ఒక్క ఆదివారం ఇంట్లో ఉండటానికి ఇంత మథనపడనక్కర్లేదు.

వానాకాలం జ్వరానికి మన దగ్గర ఇంకో భయం ఉంది, డెంగీ. అందులో మోసం చేసేది జ్వరం తగ్గే రోజే. మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య వేడి దిగిపోయి, మనిషికి హాయిగా అనిపించే సమయంలోనే ప్లేట్‌లెట్లు పడిపోవడం, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరడం జరుగుతాయి. రన్నర్ మళ్లీ బూట్లు తీసేది కూడా ఆ రోజే. రన్నర్ల సంచుల్లో ఎప్పుడూ ఉండే ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకూ చేటు చేస్తాయి. ఏ జ్వరమో తేలేదాకా వాటిని ముట్టుకోకూడదు.

మాత్రల విషయంలో పెద్ద పేరున్నవాళ్లు కూడా దెబ్బతిన్నారు. 2003లో లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టిన పౌలా రాడ్‌క్లిఫ్, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు కాలి గాయంతో వాపు తగ్గించే మందులు వాడాల్సి వచ్చింది. వాటికి కడుపు తట్టుకోలేదు, తిన్నది ఒంటబట్టలేదు. శక్తి లేక సుమారు 36వ కిలోమీటర్ దగ్గర ఆమె ఆగిపోయి, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చింది. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచింది.

ఇక కడుపు సంగతి. పెళ్లి భోజనం తిన్న రెండు మూడు గంటలకే వాంతులు మొదలైతే చాలాసార్లు కారణం ఆహారంలో ముందే తయారై ఉన్న విషం. స్టెఫైలోకాకస్, బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియాలు ఈ పని చేస్తాయి. రెండోదానికి అన్నం అంటే మహా ఇష్టం. దాని బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నాన్ని గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తే అవి మేల్కొని విషాన్ని తయారుచేస్తాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. మధ్యాహ్నం వండిన పలావును రాత్రి ఫ్రైడ్ రైస్‌గా మారిస్తే వచ్చే చిక్కు ఇదే. సాల్మొనెల్లా అయితే ఆరు గంటల నుంచి ఆరు రోజుల్లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు. అందుకే ఆదివారం కడుపు చెడితే నేరం శనివారం తిన్న బిర్యానీదేనని ఖాయంగా చెప్పలేం. లాంగ్ రన్‌కి ముందు రోజు బయట తినక తప్పకపోతే పొగలు కక్కుతూ అప్పుడే దించిన వంటకం మేలు. నూనె తేలే కూర తక్కువగా, అన్నం ఎక్కువగా వేసుకుంటే ఇంకా మేలు. కొవ్వు అరగడానికి ఎక్కువ సమయం పడుతుంది. తెల్లవారి పరుగులో కాళ్లకు కావలసిన గ్లైకోజన్, అంటే కండరాల్లో నిల్వ ఉండే ఇంధనం, వచ్చేది అన్నం నుంచే.

విరేచనాలు పట్టుకున్నాక మందు మాత్రం చవకది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బనగావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి కలరా రోగులను కాపాడారు. అదే ఓఆర్‌ఎస్. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు చాలు. దుకాణాల్లో ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డబ్బాలు వేరే సరుకు. వాటిమీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ డబ్బాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఆమె పోరాడింది పిల్లల కోసమే అయినా, రన్నర్లు కూడా ఆమెకు రుణపడి ఉన్నారు.

సోమవారం బరువు చూసుకుని బెంబేలెత్తేవాళ్లకు ఒక మాట. విందుల వారాంతం తర్వాత కిలోన్నర పెరిగితే అందులో చాలామటుకు నీరే. ఒక గ్రాము గ్లైకోజన్ తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. హోటల్ తిండిలోని ఉప్పు మరికొంత నీటిని నిలబెడుతుంది. జబ్బునుంచి లేస్తున్న ఒంటికి ఆ సమయంలో ఉపవాసం పెట్టడం అన్యాయం. ఇంట్లో పెద్దవాళ్లు పెట్టే పెసరకట్టు, మెత్తటి అన్నం, చారు, ఇడ్లీ, పల్చటి మజ్జిగ ఆ రెండు రోజులకు సరైన తిండి.

తిరిగి మొదలుపెట్టడానికి కొలతలు సులువు. మందు వేసుకోకుండా 24 గంటలు జ్వరం రాకూడదు. మామూలుగా తినగలగాలి. పొద్దున్న మంచం మీద నాడి చూసుకుంటే ఎప్పుడూ ఉండే లెక్కకు దగ్గరగా ఉండాలి. పది ఎక్కువ కొట్టుకుంటుంటే ఇంకో రోజు ఆగాలి. మొదటి రోజు అరగంట నెమ్మదిగా పరుగెత్తితే చాలు. ఇంటర్వెల్స్, టెంపో వంటి వేగపు పరుగులు ఆ వారానికి వద్దు. తప్పిపోయిన 30 కిలోమీటర్లను బుధవారం పెట్టి, మళ్లీ ఆదివారం 32 పరుగెత్తాలని చూడటం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. ప్లాన్‌లో ఆ ఆదివారాన్ని కొట్టేసి, ఈ వారం ఉన్న చోటునుంచి సాగాలి. డెంగీ, న్యుమోనియా వంటివి వస్తే ఈ లెక్కలు వర్తించవు, డాక్టరు మాటే వినాలి. ఛాతీలో నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, గుండె లయ తప్పినట్టు అనిపించడం ఉంటే ఈసీజీ తీయించుకోకుండా పరుగు వద్దు.

అతిగా సాధన చేయడమే జబ్బు తెస్తుందా అన్న అనుమానం కూడా ఉంది. 1987 లాస్ ఏంజిలిస్ మారథాన్ రన్నర్లను పరిశోధకుడు డేవిడ్ నీమన్ అడిగి చూస్తే, పరుగెత్తినవాళ్లలో 12.9 శాతం మంది తర్వాతి వారంలో జలుబు, దగ్గులతో పడ్డారు. అంతే సాధన చేసి పోటీలో పాల్గొననివాళ్లలో ఆ లెక్క 2.2 శాతం. అయితే కష్టమైన పరుగు రోగనిరోధక శక్తిని కూలదోస్తుందన్న వాదనను ఇటీవలి శాస్త్రవేత్తలు ప్రశ్నిస్తున్నారు. నిద్ర చాలకపోవడం, ప్రయాణం, వేలమంది గుంపులో గంటలకొద్దీ ఉండటం కూడా కారణాలు కావచ్చంటున్నారు. పెళ్లి పందిట్లో అర్ధరాత్రి దాకా ఉండి నాలుగింటికి లేచే హైదరాబాద్ రన్నర్‌కి ఆ మూడూ ఒకేసారి వర్తిస్తాయి.

ఒక్కోసారి జ్వరం పోటీ రోజు ఉదయమే వస్తుంది. ఆగస్టు ఉక్కపోతలో, ఒళ్లు కాలుతుండగా 42 కిలోమీటర్లు పరుగెత్తడానికి బయలుదేరవద్దు. కట్టిన రుసుము, అందరికీ చెప్పుకున్న మాట, కొత్త బూట్లు, ఏవీ గుండెకన్నా ముఖ్యం కావు. ఇంట్లోవాళ్లు కూడా ఆ పొద్దున గట్టిగా పట్టుకుని ఆపాలి. ఆగస్టు చివరి ఆదివారం నుంచి జనవరిలో జరిగే ముంబయి మారథాన్‌కి దాదాపు 20 వారాలు ఉంటాయి. కోలుకోవడానికి రెండు వారాలు తీసేసినా, 18 వారాల ప్లాన్‌కి పూర్తి సమయం మిగులుతుంది.