ఏడేళ్ల గ్యాప్... ఐదు కిలోమీటర్ల పాఠం

మూడో కిలోమీటరు దాటగానే పరుగు ఆపి నడక మొదలుపెట్టాను. వెనక నుంచి ఎనిమిదో తరగతి చదివే పిల్లాడొకడు వచ్చి, ‘అన్నా, ఇంక కొంచెమే!’ అంటూ నన్ను దాటిపోయాడు. ఇంకా రెండు కిలోమీటర్లుంది!

గుడివాడలో ఓ ఆదివారం పొద్దున జరిగిన 5కే రన్ అది. ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో ఇదే దూరాన్ని 19 నిమిషాల్లో పూర్తిచేసేవాణ్ని. పోటీలో పాల్గొనడం అదే చివరిసారి. తర్వాత ప్లేస్‌మెంట్లు, హైదరాబాద్, నైట్ షిఫ్టులు. ఏడేళ్లు రన్నింగ్ షూస్ జోలికే పోలేదు. నిరుడు మా టీమ్ మొత్తాన్ని కంపెనీ తీసేసింది. ఇంటికొచ్చి బ్లాగు రాసుకుంటూ, ఇంటర్వ్యూలు ఇస్తూ ఉన్నా. మా తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేరవుతున్నాడు. ఈ రన్‌కి వాడే నా పేరు కూడా రాయించాడు. రెండు వారాలు కాలవ గట్టు మీద జాగింగ్ చేసి, చాల్లే అనుకున్నా.

మొదటి కిలోమీటరు 4 నిమిషాల 5 సెకన్లు. ‘మనం ఇంకా ఫామ్‌లోనే ఉన్నాం’ అని మురిసిపోయా. మొత్తం పూర్తయ్యేసరికి 31 నిమిషాల 40 సెకన్లు! తమ్ముడు మంచినీళ్లిస్తూ, ‘అన్నయ్యా, నువ్వు ఇవాళ్టి నువ్వులా పరిగెత్తలేదు, కాలేజీలో ఉన్నట్టు పరిగెత్తావ్’ అన్నాడు. కోపమొచ్చింది కానీ, వాడన్నది నిజమే.

గ్యాప్‌లో ఏం జరుగుతుంది?

సాధన ఆపేసిన అథ్లెట్ల మీద 1984లో అమెరికాలో ఓ అధ్యయనం ప్రచురితమైంది. శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మొదటి మూడు వారాల్లోనే 7 శాతం, మూడు నెలలకు 16 శాతం తగ్గినట్టు అందులో తేలింది. నాది ఏడేళ్ల విరామం! కాళ్లకు పాత వేగం గుర్తుంటుంది. కానీ దానికి సరిపడా ఆక్సిజన్ అందించే శక్తి గుండెకు తగ్గిపోతుంది. అందుకే మొదటి కిలోమీటరు హాయిగా సాగి, మూడో దానికి ఆయాసం వచ్చేస్తుంది. తిరిగి మొదలుపెట్టాక కూడా దమ్ము త్వరగానే వస్తుంది, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు గట్టిపడటానికి మాత్రం ఎక్కువ టైమ్ పడుతుంది. తొందరపడితే మోకాలు, పిక్క ఎముక నొప్పులు వచ్చేది ఇందుకే.

54 ఏళ్ల మారథాన్

జపాన్ రన్నర్ షిజో కనకురి కథ ఆ తర్వాతే చదివాను. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఎండదెబ్బకు మధ్యలోనే ఆగిపోయి, నిర్వాహకులకు చెప్పకుండా ఇంటికెళ్లిపోయాడు. 1920, 1924 ఒలింపిక్స్‌లోనూ పరిగెత్తాడు. 1967లో స్వీడన్ వాళ్లు పిలిస్తే 75 ఏళ్ల వయసులో వెళ్లి ఆ పాత రేసు పూర్తిచేశాడు. ప్రకటించిన టైమ్: 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల పైచిలుకు. అంటే గ్యాప్‌ను దాచలేదు, టైమ్‌లో కలిపే చెప్పారు.

నేను మాత్రం రెజ్యూమేలో 14 నెలల ఖాళీని ‘ఫ్రీలాన్సింగ్’ అని రాసేవాణ్ని. ‘ఎవరికి చేశారు? ఏ ప్రాజెక్టు?’ అని అడిగితే నీళ్లు నమిలేవాణ్ని. పరుగులో చేసిన తప్పే అక్కడా చేస్తున్నానని అర్థమైంది. ఆ లైను తీసేసి, ‘ఉద్యోగం పోయింది. ఈ మధ్యలో ఇవి నేర్చుకున్నా, ఇవి రాశా’ అని తేదీలతో పెట్టా. తర్వాతి ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి ఒకే ఒక్క ప్రశ్న అడిగి, నేను రాసిన కోడ్ మీదకు వెళ్లిపోయారు. ఆ ఉద్యోగం రాలేదు. కానీ గ్యాప్ ప్రశ్న దగ్గర మొదటిసారి తడబడలేదు.

ఫిజికల్ టెస్టుకు సిద్ధమవుతున్నారా?

చదువులో పడి మైదానం వదిలేసినవాళ్లు ఇవి గుర్తుంచుకోండి.

• మొదటి రోజే 400 మీటర్ల ట్రాక్‌పై నాలుగు రౌండ్లు వేసి టైమ్ రాసుకోండి. మధ్యలో నడిచినా సరే. ఇంటర్‌లో చేసిన టైమింగ్ ఇప్పుడు లెక్కలోకి రాదు.

• ఏపీ కానిస్టేబుల్ 2022 నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్లను పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. అంటే రౌండుకు పురుషులకు 2 నిమిషాలు, మహిళలకు సుమారు 2 నిమిషాల 37 సెకన్లు. మొదటి రౌండే నిమిషంన్నరలో లాగించేస్తే మూడో రౌండులో ఇబ్బందే. కొత్త నోటిఫికేషన్ వస్తే నిబంధనలు మళ్లీ చూసుకోండి.

• రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఇలా వారానికి మూడు నాలుగు రోజులు చాలు. పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగమే సరైన వేగం.

• మన డెల్టాలో ఉక్కపోత ఎక్కువ. తెల్లవారుజామున పరిగెత్తండి. లారీలు తిరిగే తారురోడ్డు కన్నా మైదానమో, మట్టి గట్టో మేలు.

• కొత్త షూ టెస్టు రోజు వేసుకోవద్దు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి డాక్టర్‌ని కలవండి.

ఇప్పుడు రోజూ ఎన్టీఆర్ స్టేడియంలో తమ్ముడితో కలిసి పరిగెత్తుతున్నా. 1600 మీటర్లకు వాడి టైమ్ 7 నిమిషాల 20 సెకన్లు, నాది 8 నిమిషాల 50 సెకన్లు. రెండూ ఒకే నోట్‌బుక్‌లో రాస్తున్నాం. పాత 19 నిమిషాల లెక్క మాత్రం అందులో లేదు.