ఇంటిలో ఒకరికి మనోవ్యాధి ఉన్నప్పుడు

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము పాలు పోసిన రిజిస్టరు చూస్తాము. ఒక సభ్యుని పేరున పది రోజులు వరుసగా ఖాళీ కనబడితే గేదె వట్టిపోయిందా అని అడుగుతాము. కొన్నిచోట్ల కార్యదర్శి గొంతు తగ్గించి, "గేదె బాగానే ఉందండీ, ఇంట్లో మనిషికే మనసు బాగాలేదు" అంటాడు. జ్వరమైతే ఎవరూ గొంతు తగ్గించరు.

మనోవ్యాధి గాలి సోకడమూ కాదు, సోమరితనమూ కాదు. నిద్ర, ఆకలి చెడి, దేనిమీదా మనసు నిలవక రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపవలెను. ఈ జబ్బుకు ఇచ్చే మాత్రల గుణం తెలియడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. వారం తిరక్కుండానే మానేసేవారు కొందరైతే, కాస్త తేరుకోగానే మానేసేవారు మరికొందరు. పొదుగువాపుకు మందు సగంలో ఆపితే ఏమవుతుందో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. (మనిషిని పశువుతో పోల్చామని కోపగించవద్దు, తెలిసిన సంగతితో చెబితే గుర్తుంటుందని.) తగ్గిన తరువాత కూడా కనీసం 6 నెలలు వాడమంటారు. ఆపడం డాక్టరు చెప్పిన ప్రకారమే, కొద్దికొద్దిగా.

స్కిజోఫ్రేనియా వేరు. అందులో లేని మాటలు వినబడతాయి, అయినవారి మీదే అనుమానం పుడుతుంది. ఎవరూ మాట్లాడలేదని వాదించి లాభం లేదు, అవి అతనికి నిజంగానే వినబడుతున్నాయి. "నాకు వినబడలేదు గాని, నువ్వు భయపడుతున్నావని తెలుస్తోంది" అంటే చాలు. గొలుసు వేసి కట్టడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నిషిద్ధం.

తేరుకుంటున్నవారికి చేయగలిగినంత పని ఇవ్వండి. దూడకు నీళ్ళు పెట్టడమైనా సరే. ఒకరోజు చేసి మర్నాడు చేయలేకపోతే దెప్పవద్దు.

ఇక మందులిచ్చేది, రాత్రి మేలుకొనేది, రెండు పూటలా పాలు పితికేది చాలా ఇళ్ళలో ఒకే స్త్రీ. ఆమె పాలక్యాను పొరుగువారు నాలుగు రోజులు కేంద్రానికి తెచ్చిపోస్తే ఆమెకు గంట నిద్ర దొరుకుతుంది. పాలకవర్గం వారు ఈ మాత్రం ఏర్పాటు చేయగలరు.

చచ్చిపోతానన్న మాటను బెదిరింపుగా కొట్టిపారేయవద్దు. సూటిగా అడగండి, అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాలు ఆ రోజే ఇంటినుంచి తీసివేయించి, మనిషిని ఒంటరిగా వదలక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416. రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. కార్యదర్శులు ఈ నంబరును పాల ధరల పట్టిక పక్కనే రాయించవలెను.